నూట తొంభై ఐదు పౌన్లు

నా చొక్కా జేబులో ఒక కాటా చీటీ ఉంది. దాని మీద నా కూతురు మార్లా బరువు ఉంది. ఆ సంగతి మార్లాకు తెలియదు. ఆమె ఆ ఇటుక గోడ వెనక, ఎడమ నుంచి మూడో కిటికీ గదిలో, ముక్కుకు గొట్టం పెట్టుకుని పడుకుని ఉంది. ఏడో నెల. నాలుగు రోజుల జ్వరం. నేను ఆసుపత్రి ముందు నా ట్రక్కులో కూర్చున్నాను. కోవిడ్ వచ్చినవాళ్ళ వెంట ఎవర్నీ లోపలికి రానివ్వడం లేదు. బండిలోనే కూర్చోండి, ఏదైనా ఉంటే మేమే వచ్చి చెబుతాం అన్నారు. బండి గడియారంలో రెండూ పది. మూడూ పదికి విచిటా నుంచి హెలికాప్టర్ వస్తుందట, ఆమెను అక్కడి పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి. ఈలోగా ఎవరో ఒకరు ఆ తలుపు తీసుకుని వచ్చి ఒక్క మాట అడుగుతారు. అమ్మాయి బరువెంత అని అడుగుతారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజక్షన్ బరువును బట్టి ఇస్తారు. మార్లా ఈపాటికి ఒక అంకె చెప్పి ఉంటుంది. అది తప్పుడు అంకె అయి ఉంటుంది. వాళ్ళమ్మ కూడా తప్పుడు అంకే చెప్పింది, పన్నెండేళ్ళ కిందట, ఇదే ఆసుపత్రిలో. అప్పుడు నన్నడిగితే నేను తలూపాను.

తలూపడానికి నోరు కూడా తెరవక్కర్లేదు. నేను కాటా మనిషిని. ముప్పై ఒక్క ఏళ్ళుగా మార్గ్రేవ్ ధాన్యం గోదాములో లారీలు తూస్తున్నాను. నిండు లారీ కాటా ఎక్కుతుంది, మీట నొక్కుతాను, చీటీ మీద మొదటి అంకె పడుతుంది. ధాన్యం దింపుకుని ఖాళీ లారీ మళ్ళీ ఎక్కుతుంది, మళ్ళీ మీట నొక్కుతాను, రెండో అంకె పడుతుంది. కింద తేడా పడుతుంది. నా పని అంతే. ఊరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. సిస్టర్ ఫిలమీనా తీసివేతలు తప్పుచేస్తే చెక్క స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేది. ఆ తీసివేతే నాకు కూడు పెట్టింది. నా చీటీ తప్పని ఇంతవరకు ఒక్క రైతూ అనలేదు. మార్గ్రేవ్‌లో ఒకరి మాట మీద ఒకరికి నమ్మకం లేదు, పంట దిగుబడి దగ్గర అందరూ కోతలు కోస్తారు, చర్చిలో పాపాలు చెప్పుకునేటప్పుడు కూడా సగమే చెబుతారు. నా అంకె దగ్గర మాత్రం నోరు మూసుకుంటారు. బండిలో జొన్న నలుసు వాసన. మెడ కింద, మోచేతి మడతల్లో నలుసు దూరి దురద పెడుతోంది. జొన్న కోతల్లో ఇది మామూలే. కింద రేకు డబ్బాలు, చల్లారిన కాఫీ కప్పు, అందులో తేలుతున్న ఈగ. ఈగను తియ్యాలని కూడా అనిపించడం లేదు. అక్కడే ఉండనీ.

పొద్దున పదకొండు దాటాక కాటా మీదికి మార్లా కారు వచ్చింది. నేను లారీ అనుకుని కిటికీలోంచి తల కూడా ఎత్తలేదు. అంకె చూశాను. మూడువేల తొమ్మిదివందల అరవై. ఇదేం లారీ అనుకుని తలెత్తాను. కాటా గది తలుపు నేరుగా కాటా రేకు మీదికే తెరుచుకుంటుంది, అందుకని నాకోసం వచ్చేవాళ్ళు ఎవరైనా దాని మీదే ఆపుతారు. మార్లా స్టీరింగు మీద నుదురు ఆనించి ఉంది. హారన్ మోగుతోంది, ఆమె నొక్కడం లేదు, ఆమె ఛాతీ నొక్కుతోంది. వెనక ఆరు జొన్న లారీలు ఆగి ఉన్నాయి. వాళ్ళూ హారన్లు కొడుతున్నారు. నేను వెళ్ళి తలుపు తీశాను. పెదవులు ఉడికించిన మాంసం రంగులో ఉన్నాయి. ఇక నడపలేను నాన్నా అంది, అది కూడా మూడు ముక్కలుగా. ఆమె కారులో పెట్రోలు లేదు, నా ట్రక్కు గోదాము పక్కనే ఉంది. చంకల కింద చేతులు వేసి దింపాను. నడిపించుకుంటూ పోయి ట్రక్కులో కూర్చోబెట్టాను. కోటు కోసం కాదు, కోటు వేసుకునే ఉంది, నా తాళాల కోసం కాటా గదిలోకి వెళ్ళాను. అంకె మారి ఉంది. మూడువేల ఆరువందల ఎనభై. మిషను నోట్లో చీటీ ఉంది. దాని మీద రెండు అంకెలూ ఉన్నాయి, కింద తేడా ఉంది. ఆమె రాగానే ఒకసారి, ఇప్పుడొకసారి, నా చెయ్యి మీట నొక్కింది. నేను నొక్కానని నాకు గుర్తు లేదు. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు నన్నడగలేదు. రెండువందల ఎనభై. చీటీ చింపి జేబులో పెట్టుకున్నాను. పారెయ్యొచ్చు. చెత్తడబ్బా కాలి దగ్గరే ఉంది. పారెయ్యలేదు.

నలభై మైళ్ళు ఆమె పక్కన కూర్చుని ఉంటే ఆ చీటీ నా గుండె మీద ఉంది. ఆమె కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకుంటోంది. ఏమని చెప్పను. ఈ కాటా మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. మార్లా పుట్టకముందు నుంచీ ఊళ్ళో ఒక హాస్యం ఉంది. చర్చి హాల్లో విందు పెట్టిన ప్రతిసారీ ఎవడో ఒకడు బీరు గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వస్తాడు. "ఏం వర్జిల్, మీ ఆవిణ్ణి కాటా ఎక్కించావా, రేకు వంగిందా?" అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేవాణ్ణి. రోసలీ అప్పుడు వంటగదిలో క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన రొట్టెలు పళ్ళెంలో సర్దుతూ ఉండేది. వినపడదనుకునేవాళ్ళా. వినపడాలనే అనేవాళ్ళు. ఆ చేత్తోనే ఆమె చేసిన రొట్టెలు మూడేసి తీసుకునేవాళ్ళు. వెన్న గడ్డం మీద కారుతుంటే తుడుచుకుంటూ, ఇంకొకటి ఉంటే వెయ్యమ్మా అనేవాళ్ళు. మార్గ్రేవ్‌లో అందరూ లావే. పొద్దున మాంసం, మధ్యాహ్నం మాంసం, రాత్రి నూనెలో వేయించిన మాంసం, దాని మీద చిక్కటి గ్రేవీ, దాని మీద ఇంత తీపి. పొట్టలు బెల్టు మీదికి జారిన మగవాళ్ళు, పొలం యజమానులు, చర్చి పెద్దలు. వాళ్ళ పొట్టలు పెద్దరికం. రోసలీ ఒళ్ళు హాస్యం. ఆ తర్వాత ఆమె విందులకు రావడం మానేసింది. రొట్టెలు మాత్రం నాతో పంపించేది. నేను మోసుకెళ్ళేవాణ్ణి. వాళ్ళు తినేవాళ్ళు. తిని, మీ ఆవిడ రాలేదేం అనేవాళ్ళు. తలుపులో పట్టలేదా అనేవాళ్ళు. నేను మళ్ళీ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు ఇప్పటికీ నా పళ్ళ మధ్య పాచిపోయి ఉంది.

ఎవరో ఆడమనిషి ఆసుపత్రి తలుపులోంచి వచ్చింది. నర్సు లోయిస్ కాదు. పెద్ద కోలా గ్లాసు పట్టుకుని మాస్కు గడ్డం కిందికి లాక్కుని సిగరెట్ వెలిగించింది. మూడో కిటికీకి పదడుగుల దూరంలో నిలబడి పొగ వదులుతోంది. చూసి చూసి తల తిప్పుకున్నాను. రెండూ ఇరవై ఆరు.

ఇక్కడి డాక్టరు కూడా విందులకు వచ్చేవాడే. రోసలీ మోకాలు నొప్పి అంటే ఒళ్ళు తగ్గించు అన్నాడు. చెవిలో చీము అంటే ఒళ్ళు తగ్గించు అన్నాడు. ఆయన బల్ల మీద చక్కెర పూసిన డోనట్ల పెట్టె ఎప్పుడూ తెరిచే ఉండేది, మూత మీద వేళ్ళ గుర్తులు. ఆయన దగ్గరికి పోయేముందు నడవాలో ఒక తూకం మిషను ఉండేది, ఇప్పటికీ ఉంది. అందరూ కూర్చునే చోటికి ఎదురుగా. ఒక పిల్ల నిన్ను దాని మీద నిలబెట్టి, చివర్లో కాగితం పట్టుకున్న ఇంకో పిల్లకు వినపడేలా అంకె అరుస్తుంది. గోదాములో నేను లారీ తూకం కూడా అలా అరవను. చీటీ మడిచి డ్రైవరు చేతిలో పెడతాను. రోసలీ చెప్పులు విప్పేది, గడియారం తీసేది, చెవి పోగులు తీసేది. తీసి, వీపు మిషను వైపు పెట్టి ఎక్కేది, అంకె చూడకుండా. అంకె చూడకపోయినా వినపడేది. ఒకరోజు బయటికొచ్చి బండిలో కూర్చుని, "ఇంక రాను వర్జిల్. చావొచ్చినా రాను" అంది. ఊరికే అన్నమాట అనుకున్నాను. ఊరికే అన్నది కాదు. ఆ తర్వాత ఆమె ఆ నడవా తొక్కలేదు. రెండో బిడ్డ కడుపులో పడేదాకా.

ముప్పై ఎనిమిదేళ్ళకు కడుపు. మార్లాకు అప్పుడు పదిహేను. మేం ఇద్దరం ముసలి సిగ్గుతో నవ్వుకున్నాం. అప్పుడు కూడా రోసలీ డాక్టరు దగ్గరికి రెండేసార్లు వెళ్ళింది. చక్కెర చూడాలన్నారు, రక్తపోటు చూడాలన్నారు, నెలనెలా రమ్మన్నారు. నెలనెలా అంటే నెలనెలా ఆ మిషను ఎక్కాలి. వెళ్ళలేదు. నేను వెళ్ళమనలేదు. ఆ ఏడు స్వైన్ ఫ్లూ వచ్చింది. విచిటా పేపర్లో రాశారు, ఈసారి ముసలివాళ్ళు కాదు, కడుపుతో ఉన్నవాళ్ళూ, ఒళ్ళు భారీగా ఉన్నవాళ్ళూ ఎక్కువగా పోతున్నారని. రోసలీ ఆ వార్త చదివి పేపరు నాలుగు మడతలు పెట్టి బల్ల కాలి కింద పెట్టింది, బల్ల ఊగుతోందని. బల్ల ఎప్పుడూ ఊగలేదు. టీకా మా జిల్లాకు నవంబరులో వస్తుందన్నారు. జ్వరం అక్టోబరులోనే వచ్చింది. మూడు రోజులు ఇంట్లోనే పడుకుంది. పడుకుంటే ఊపిరి ఆడదని కుర్చీలో కూర్చుంది. కింద నుంచి కడుపు పైకి నెడుతోంది, పైనుంచి ఒళ్ళు కిందికి నొక్కుతోంది, మధ్యలో ఊపిరితిత్తులకు చోటెక్కడ. పోదాం రోసలీ అంటే, "వెళ్తే ఆయనేమంటాడో నేనే చెప్తా విను" అని ఆ డాక్టరు గొంతు అనుకరించి, "తిండి తగ్గించమ్మా" అంది. అంటూ నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు ఆగలేదు. నాలుగో రోజు నేను ఆమెను మోశాను. నిజంగానే మోశాను, మెట్ల మీద నుంచి. లారీ స్ప్రింగు ఎంత కుంగిందో చూసి లోపల ఎంత ధాన్యం ఉందో చెప్పగలను నేను. నా భార్య రెండువందల తొంభై. పదేళ్ళుగా మంచంలో నా పక్క కుంగే తీరులో ఆ అంకె నాకు తెలుసు. నాకు ఆ అంకె మీద ఎప్పుడూ కోపం లేదు. అది ఆమె వెచ్చదనం బరువు.

ఆ రోజు కాగితాలు రాసింది లోయిస్. అప్పుడు ఆమెకు యాభై లోపు, ఇప్పుడు రిటైరు కాబోతోంది. రోసలీ నిలబడలేదు. తూచే మంచాలు అప్పట్లో ఈ ఆసుపత్రిలో లేవు. బరువెంతమ్మా అని అడిగింది. గదిలో ఆ నడవా పిల్ల కూడా ఉంది, గ్లూకోజు సీసా తగిలిస్తోంది. రోసలీ ఆ పిల్ల వైపు చూసింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య, "నూట తొంభై ఐదు" అంది. తన డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్న అంకె అది, పెళ్ళినాటిది. లోయిస్ కలం ఎత్తి పట్టుకుని నావైపు తిరిగింది. రోసలీ కూడా తిరిగింది. ఆ చూపు నాకు ఇప్పటికీ అద్దం మీద కనిపిస్తుంది, ఈ జొన్న నలుసు పేరుకున్న అద్దం మీద, వైపర్ ఎంత తిప్పినా పోదు. ఒక్కసారికి, అని ఆ చూపు. ఈ ఒక్కసారికి నా అంకెను అరవనివ్వకు. నేను తలూపాను. "వర్జిల్ తలూపాడంటే అది కాటా తూకమే" అని లోయిస్ రాసేసుకుంది. రోసలీ నా చెయ్యి నొక్కింది. నేను ఏదో గొప్ప పని చేసినట్టు ఛాతీ విరుచుకుని కూర్చున్నాను. మొగుడిగా ఆ ఊరి ముందు ఆమెను కాచింది ఆ ఒక్కసారే. కాచాననుకున్నాను.

అంతే అయితే నన్ను నేను క్షమించుకుని ఉండేవాణ్ణేమో. అంతే కాదు. మూడో రోజు లోయిస్ సూది తెచ్చింది. విచిటాలో మంచాలు ఖాళీ లేవు, ఇక్కడే ఉంచారు. ఊరికే అడిగాను, ఎంత మందు ఎక్కించాలో దేన్ని బట్టి చూస్తారని. కాటా మనిషిని కదా, కొలత కనిపిస్తే నోరూరుకోదు. "బరువును బట్టే వర్జిల్. జ్వరానికీ కడుపుకీ రక్తం చిక్కబడుతుంది, కదలకుండా పడుకుంటే కాళ్ళలో గడ్డకడుతుంది. అందుకే గదా మొన్న అడిగాను" అంది. నేను విన్నాను. సూది గుచ్చడం చూశాను. రెండువందల తొంభై పౌన్ల మనిషికి నూట తొంభై ఐదు పౌన్ల మందు పోతోందని చూశాను. రోసలీ నన్ను చూస్తూ ఉంది. ఆ చూపు అదే. నా నాలుక మీద అంకె ఉంది. మింగాను. అప్పుడొకసారి, మర్నాడొకసారి, ఐదో రోజు పొద్దున ఇంకొకసారి. మూడు సూదులు. మూడుసార్లు మింగాను. మధ్యాహ్నం ఆమె కాస్త బాగుందని బాత్రూమ్‌కి లేచింది. రెండడుగులు వేసింది. మూడో అడుగు లేదు. కాల్లో గడ్డ ఊపిరితిత్తులకు పోయిందన్నారు. లోపల మగపిల్లాడు. వాణ్ణి తియ్యడానికి పదిహేను నిమిషాలు పట్టింది. వాడు ఏడవలేదు. ఎంత మందు ఇచ్చినా ఆగేది కాదేమో అని తర్వాత ఎవరో అన్నారు. నేను అడగలేదు. అడిగితే ఆగేదని చెబుతారని భయం.

శవపేటిక వెడల్పుది కావాలన్నాడు పెట్టెలు చేసేవాడు. ఆరుగురు కాదు, ఎనిమిది మంది మొయ్యాలన్నాడు. ఆ ఎనిమిది మందీ చర్చి హాల్లో బీరు గ్లాసు పట్టుకున్నవాళ్ళే. మోశారు, మెట్ల దగ్గర మూలిగారు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నాకు తెలుసు. ఆ రోజు ఎవరూ హాస్యమాడలేదు, అంతవరకే. తర్వాత హాల్లో తిన్నారు. నూడుల్సు, వెన్న, పళ్ళు కూరిన పైలు, మాంసం రొట్టెలు. ఇవి రోసలీ చేసినంత బాగా లేవు అన్నాడొకడు, నోటినిండా ఉండగా. మార్లా ఒక మూల పళ్ళెం ముందు కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి తింటూ ఉంది, కన్నీళ్ళు పళ్ళెంలో పడుతుంటే అలాగే తింటోంది. ఎవరో, "ఈ పిల్ల కూడా తల్లి పోలికే" అన్నారు. నేను లేచి ఆ పళ్ళెం తియ్యలేదు, ఆ అన్నవాడి పళ్ళూ రాలగొట్టలేదు. చీటీ మడిచినట్టు నన్ను నేను మడుచుకుని కూర్చున్నాను.

ఫోను మోగింది. అల్లుడు ట్రెవర్. డకోటాలో చమురు బావుల దగ్గర పని, మూడు వారాలకోసారి వస్తాడు. వెనకాల ఏదో మిషను రొద. హెలికాప్టర్ అంటున్నారు నిజమేనా అన్నాడు. నిజమే అన్నాను. "ఊరికే హడావిడి చేస్తున్నారు మామా. మార్లాకి ఆయాసం ఎప్పుడూ ఉండేదేగా. ఆ ఒంటికి రాకపోతే ఆశ్చర్యపడాలి" అన్నాడు. అని చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వు. అది నాదే. వేసవిలో టీకా వచ్చిందే, ఎందుకు వేయించనివ్వలేదని అడుగుదామనుకున్నాను. కడుపులో బిడ్డకి మంచిది కాదని ఎవడో చెప్పాడట వీడికి, బావి దగ్గర, గొట్టాలు బిగించేవాడు. ఆసుపత్రివాళ్ళు బిడ్డకీ తల్లికీ అదే మంచిదని చెప్పి పంపారు. మార్లా రెండు రోజులు ఆలోచించి ట్రెవర్ మాట విన్నది. నన్నూ అడిగింది, నువ్వేమంటావు నాన్నా అని. నీ ఇష్టం అన్నాను. నా నోట్లోంచి వచ్చేది ఎప్పుడూ అంతే, తలూపడం లేకపోతే నీ ఇష్టం. గత మూడు నెలల్లో మార్లా రెండుసార్లు చూపించుకోవడానికి పోలేదని నాకు తెలుసు. ఎందుకు పోలేదో కూడా తెలుసు. ఆ నడవా, ఆ మిషను. వీపు తిప్పి ఎక్కడం ఆమె వాళ్ళమ్మ దగ్గరే నేర్చుకుంది. ఫోనులో ట్రెవర్ ఇంకా ఏదో అంటున్నాడు, మార్లా వచ్చాక తిండి అదుపులో పెట్టాలి మామా, నువ్వైనా చెప్పు అంటున్నాడు. పెట్టేశాను. ఫోను సీటు మీద పడేసి చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాను.

రెండూ యాభై ఒకటి. జెండా కొయ్యకు తాడు టకటక కొట్టుకుంటోంది. మూడో కిటికీ తెర కదిలింది, మళ్ళీ ఆగింది. చీటీ బయటికి తీసి చూశాను. మొత్తం, ఖాళీ, తేడా. కాటా ఇరవై పౌన్ల మెట్ల మీద చూపిస్తుంది, అంటే పది అటూ ఇటూ ఉండొచ్చు. ఆమె చేతిసంచి కారులోనే ఉండిపోయింది, అది లెక్కలోకి రాదు. కోటు, బూట్లు ఆరు పౌన్లు. ఎందుకు లెక్క వేస్తున్నాను. ఈ కాగితం ఆ గదిలోకి పోతే ఏమవుతుందో నాకు తెలుసు. ఊరి హాస్యం నిజమైనట్టే. వర్జిల్ లైకర్ తన కూతుర్ని జొన్న కాటా మీద తూచాడు. వాళ్ళ అమ్మను అన్నవాళ్ళకు ఇంతకాలానికి కన్నతండ్రే సాక్ష్యం. మార్లా దాన్ని నాకు ఎప్పటికీ క్షమించదు. క్షమించకపోతే బతికి ఉండి క్షమించదు. చీటీ చెమటకు మెత్తబడింది. అంకె చెరగలేదు.

తలుపు తెరుచుకుంది. లోయిస్. రెండు మాస్కులు, వాటి పైన పొగమంచు పట్టిన కళ్ళజోడు. ఎడమ కాలు కాస్త ఈడుస్తూ వచ్చింది. అద్దం నాలుగు వేళ్ళంత దించాను.

"మార్లా రెండువందల పది అంటోంది. తూచే మంచం ఒక్కటే ఉంది, దాని మీద ఒకాయన ఉన్నాడు, కదిపితే పోయేలా ఉన్నాడు. పిల్ల నిలబడలేదు. ఇంజక్షనుకీ కావాలి, హెలికాప్టర్ వాళ్ళకీ కావాలి. నువ్వు చెప్పు వర్జిల్. రెండువందల పదేనా? నువ్వు చెప్తే చాలు, రాసేసుకుంటా."

అదే కలం ఎత్తి పట్టుకోవడం. పన్నెండేళ్ళు ఆ కలం అలా గాలిలోనే ఉన్నట్టనిపించింది. మెడ దానంతట అది కదలబోయింది. పళ్ళు బిగబట్టి దాన్ని ఆపాను. చీటీ అద్దం సందులోంచి బయటికి పెట్టాను.

లోయిస్ దూరంగా పట్టుకుని చదివింది. "ఇదేం చీటీ? జొన్నలా?"

"మార్లా" అన్నాను. "పొద్దున కారు కాటా మీద ఆపింది. ఎక్కినప్పుడొక అంకె, దిగాక ఒక అంకె. రెండువందల ఎనభై. అది రాసుకో."

ఆమె చీటీని చూసింది, నన్ను చూసింది. గాలికి కాగితం రెపరెపలాడుతుంటే బొటనవేలు గట్టిగా నొక్కి పట్టింది. ఇంక ఒకటి మిగిలింది. చెప్పకుండా అద్దం ఎత్తెయ్యొచ్చు.

"రోసలీది అబద్ధం, లోయిస్. రెండువందల తొంభై ఉండేది. నువ్వు సూది తెచ్చినప్పుడు కూడా తెలుసు నాకు."

లోయిస్ కళ్ళజోడు తీసి గౌనుకు తుడిచింది. కళ్ళజోడు లేకపోతే ఆమె ముఖం చాలా ముసలిది. "రోజుకి నాలుగుసార్లు ఆమెని పక్కకి తిప్పింది నేనే వర్జిల్. నూట తొంభై ఐదు ఎలా ఉంటుందో నా నడుముకి తెలీదా. నువ్వు తలూపావు. కాటా మనిషివి. ఇంక నేనేం అంటాను, ఆవిడ ముందు, నీ ముందు. రాసేశా" అంది. కళ్ళజోడు పెట్టుకుంది. చీటీ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, వచ్చినదానికంటే వేగంగా లోపలికి పోయింది.

అంటే ముగ్గురికీ తెలుసన్నమాట. ఒక మంచం చుట్టూ ముగ్గురం, మర్యాద చెడకూడదని కూర్చున్నాం. తలుపు తీసి తారు మీద ఉమ్మేశాను. జొన్న నలుసు, చేదు. కాఫీ కప్పు కూడా విసిరేశాను, ఈగతో సహా.

ఫోను మోగింది. మార్లా పేరు. చాలాసేపు మోగనిచ్చాను.

"నన్ను కాటా మీద తూచావా నాన్నా." ఒక్కో మాటకూ మధ్య గొట్టంలో గాలి బుసలు కొడుతోంది.

"తూచాను."

"లారీలా."

"లారీలాగే."

బుస. బుస. బుస. "వెనకాల వాళ్ళు చూశారా."

"లేదు. అంకె లోపల నాకొక్కడికే కనిపిస్తుంది."

ఎవరో ఆమెకు చెయ్యి ఎత్తమ్మా అని చెబుతున్నారు. ఏదో లోహం చప్పుడు. "అమ్మనీ ఇలాగే తూచావా" అంది.

"మీ అమ్మని తూచలేదు. ఆమె చెప్పినదానికి తలూపాను."

ఇది ఆమెకు తెలియదు. ఇప్పుడు తెలుస్తోంది. మూడో కిటికీ తెర వెనక నీడలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఎవరో సూది గుచ్చినట్టున్నారు, ఆమె పళ్ళ మధ్య నుంచి చిన్నగా గాలి పీల్చింది.

"కోటు వేసుకునే ఉన్నాగా అప్పుడు" అంది.

"ఉన్నావు. బూట్లు కూడా. రెండూ కలిపి ఆరు పౌన్లు."

"తియ్యమని చెప్పు వాళ్ళకి."

"చెబుతా."

"కడుపులో ఉన్నదానిది కూడా తీసెయ్."

"దానిది తియ్యను" అన్నాను.

ఆమె నవ్వబోయి దగ్గింది. నేను స్టీరింగు పట్టుకుని ఆ దగ్గు లెక్కపెట్టాను. ఏడు. ఎనిమిది. ఆగింది. ఫోను కట్టయింది. లోయిస్ నంబరు కలిపి ఆరు పౌన్లు తియ్యమని చెప్పాను. ఆమె సరే అంది. రెండువందల డెబ్భై నాలుగు అని ఎవరికో గట్టిగా చెప్పింది, నడవా దాకా వినపడేలా. విననీ.

హెలికాప్టర్ మూడూ పద్దెనిమిదికి వచ్చింది. తారు మీద దుమ్మంతా లేపి నా అద్దం మీద కొట్టింది. వెనక తలుపులోంచి నలుగురు ఆమెను తెచ్చారు, దుప్పటి కింద కడుపు ఒక్కటే కనిపించింది. సిగరెట్ ఆడమనిషి ఫోను ఎత్తి వీడియో తీస్తోంది. నేను దిగలేదు. దిగితే ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టేవాణ్ణి. హెలికాప్టర్ కాసేపు ఊగింది, ముక్కు వంచింది, లేచింది. లైసెన్సు మీద ఉన్న అంకెతో కాదు, సిగ్గుతో చెప్పిన అంకెతో కాదు. పది అటూ ఇటుగా, అందులో రెండువందల డెబ్భై నాలుగు పౌన్లు నావి.